శంషాబాద్‌లో దిగినంక అసలు జర్నీ: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లకు కారు మాట్లాడాలా? బస్సు పట్టాలా?

దుబాయ్ నుంచి హైదరాబాద్‌కు ఫ్లైట్ టైం మూడున్నర గంటలు. శంషాబాద్ నుంచి కోరుట్ల చేరడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. బస్సులు మారుకుంటూ పోతే దానికి డబుల్. గల్ఫ్ కుటుంబాలున్న ఊళ్లలో ఇది అందరికీ తెలిసిన లెక్కే. అయినా ఎవరైనా ఇంటికి వస్తున్నారంటే ఫోన్‌లో మొదటి ప్రశ్న ఇదే: "ఎన్నింటికి దిగుతున్నవ్? బండి పంపాల్నా?"

ఆ బండి ఖర్చు ఎంత? బస్సులో వస్తే ఎంత మిగులుతుంది? ఆ మిగిలిన డబ్బుకు పడే తిప్పలెన్ని? ఉత్తర తెలంగాణలో వేల ఇళ్లు ప్రతి ఏటా వేసుకునే లెక్క ఇది.

ముందు పైసల సంగతి

శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి సిరిసిల్ల సుమారు 175 కిలోమీటర్లు. జగిత్యాల 240 దాకా ఉంటుంది. కోరుట్ల ఇంకొంచెం ఎక్కువ, వెళ్లే రూటును బట్టి మారుతుంది. ఊరి నుంచి వచ్చే కిరాయి బండికి రానూపోనూ లెక్క కట్టాల్సిందే. కిలోమీటరుకు 13 రూపాయలు అనుకుంటే సిరిసిల్లకు 4,500 పైన, జగిత్యాలకు 6,200 పైన అవుతుంది. ఇక దుద్దెడ, రేణికుంట టోల్ గేట్లు, అవుటర్ రింగ్ రోడ్డు టోల్, పార్కింగ్, డ్రైవర్ భోజనం ఇవన్నీ ఎక్స్‌ట్రా.

బస్సు లెక్క వేరు. ఎయిర్‌పోర్టు నుంచి ఆర్టీసీ పుష్పక్‌లో సికింద్రాబాద్ వైపు వచ్చి, జేబీఎస్‌లో సూపర్ లగ్జరీ ఎక్కితే రెండు టికెట్లూ కలిపినా మనిషికి సాధారణంగా వెయ్యి రూపాయలు దాటవు. పండగ సీజన్ సంగతి వేరు. ఆ రోజుల్లో నడిపే స్పెషల్ బస్సులకు ఆర్టీసీ 50 శాతం వరకు ఎక్కువ తీసుకోవచ్చు. 2003 నాటి జీవో 16 అందుకు వీలిచ్చింది. దసరాకు ఇంటికి రావాలనుకునే వాళ్లకు ఈ తేడా గట్టిగానే తగులుతుంది.

అంటే ఒక్కడే వస్తే కారుకు, బస్సుకు మధ్య తేడా ఐదు వేల పైమాటే. నెలకు వెయ్యి దిర్హాముల జీతం మీద పనిచేసే కూలీకి అది సుమారు వారం జీతం. రెండేళ్లకోసారి ఇంటికి వచ్చే మనిషి, ఎయిర్‌పోర్టు గేటు దాటగానే వారం కష్టం రోడ్డు మీద పోసి రావాలన్నమాట.

అయినా కారే ఎందుకు?

పైకి చూస్తే ఇది దర్జా కోసం చేసే ఖర్చులా కనిపిస్తుంది. ఊళ్లో నలుగురూ చూడాలనే ఆశ కొంత ఉంటుంది, లేదని అనలేం. కానీ చాలామంది కారు వైపు మొగ్గడానికి అసలు కారణం అది కాదు. చేతిలో పనిచేసే ఫోన్ లేకపోవడం.

రెండేళ్లు రీచార్జ్ చేయకపోతే ఇక్కడి సిమ్ మూలన పడుతుంది. సిమ్ లేకపోతే ఓటీపీ రాదు. ఓటీపీ రాకపోతే ఓలా, ఊబర్ లేదు, యూపీఐ లేదు. ఎయిర్‌పోర్టులో ఫ్రీ వైఫైకి కూడా మామూలుగా నంబర్ అడుగుతుంది. సిటీలో ఉండేవాళ్లకు క్యాబ్ బుక్ చేయడం అరనిమిషం పని. రాత్రి రెండున్నరకు రెండు అట్టపెట్టెలు, ఒక దుప్పట్ల మూటతో బయటికి వచ్చిన మనిషికి అదే పని కొండంత. అందుకే ఇంట్లోవాళ్లు ఊరి నుంచే బండి పంపుతారు. తెలిసిన డ్రైవర్, పేరు పెట్టి పిలిచేవాడు గేటు దగ్గర నిలబడి ఉంటాడన్న ధైర్యం. ఆ ఆరు వేలలో సగం ఆ ధైర్యానికే.

ఈ ఒక్క ఇబ్బంది తీరితే చాలామందికి కారు అవసరమే ఉండకపోవచ్చు. ఇంట్లోవాళ్లు మూడు నెలలకోసారైనా ఆ నంబర్‌కు చిన్న రీచార్జ్ చేసి బతికించి ఉంచితే చాలు. ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడే కొన్ని వేల రూపాయల నోట్లు దాచిపెట్టుకుంటే ఇంకా మంచిది. తిరిగి వచ్చేటప్పుడు 25,000 వరకు మన నోట్లు వెంట తెచ్చుకోవడానికి రూల్స్ ఒప్పుకుంటాయి. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో దిర్హాములు మార్చుకుంటే వచ్చే రేటు చూసి బాధపడే పని ఉండదు.

2008లో మారిపోయిన దూరం

2008 మార్చి వరకు ఎయిర్‌పోర్టు బేగంపేటలో ఉండేది. అక్కడి నుంచి జేబీఎస్‌కు ఆటోలో పోవచ్చు. కరీంనగర్ జిల్లా బస్సులన్నీ అక్కడే దొరికేవి. దిగినవాడు గంటలో బస్సులో కూర్చునేవాడు. కొత్త ఎయిర్‌పోర్టు శంషాబాద్‌కు, అంటే సిటీకి దక్షిణం కొసకు వెళ్లింది. కరీంనగర్ రోడ్డు ఉత్తరం కొసన ఉంది. మధ్యలో మహానగరం మొత్తం అడ్డం. సిటీవాళ్లకు మంచి ఎయిర్‌పోర్టు వచ్చింది. జగిత్యాలవాళ్లకు ఒక బస్సు, ఒక గంటన్నర పెరిగాయి. ఈ సంగతి అప్పుడూ పెద్దగా చర్చకు రాలేదు, ఇప్పుడూ రావడం లేదు.

ఎయిర్‌పోర్టు కనెక్టివిటీ అనే మాట వినిపించినప్పుడల్లా మాట్లాడేది మెట్రో గురించే. 2022 డిసెంబర్ 9న రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టుకు ఎక్స్‌ప్రెస్ మెట్రోకు శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరగ్గానే ప్రభుత్వం మారింది, ఆ ప్లాన్ పక్కకు పోయింది. దాని బదులు నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా ఎయిర్‌పోర్టు లైన్‌ను రెండో దశలో చేర్చి, 2024 నవంబర్‌లో కేంద్రానికి పంపారు. రాయదుర్గం లైన్ ఐటీవాళ్ల కోసం అని విమర్శలు వచ్చాయి, నాగోల్ లైన్ పాతబస్తీకీ మేలు అని చెప్పారు. రెండింటిలో ఏది వచ్చినా అట్టపెట్టెలతో వచ్చిన కోరుట్ల మనిషికి ఒరిగేది తక్కువ. మెట్రోలో పెద్ద లగేజీకి పరిమితి ఉంటుంది. అర్ధరాత్రి దాటాక రైళ్లే ఉండవు. గల్ఫ్ ఫ్లైట్లలో చాలావరకు దిగేది ఆ టైంలోనే.

రైలు సంగతీ అంతే. పెద్దపల్లి, నిజామాబాద్ లైన్ 2017లో పూర్తయింది. లింగంపేట జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి స్టేషన్లకు రైలు వచ్చింది. కానీ తిరిగే రైళ్లు తక్కువ, అవి ఫ్లైట్ టైం చూసి బయల్దేరవు. సిరిసిల్లకు ఆశ పెట్టుకోదగ్గది మనోహరాబాద్, కొత్తపల్లి లైన్. 2016లో శంకుస్థాపన జరిగిన ఈ లైన్ మీద 2023 అక్టోబర్ 3న సిద్దిపేట దాకా రైలు వచ్చింది. సిరిసిల్ల, వేములవాడ ఆ తర్వాతి వంతు.

రాత్రి మూడు గంటల డ్రైవింగ్

ఖర్చు గురించి మాట్లాడినంత ఇళ్లలో దీని గురించి మాట్లాడరు. ఊరి నుంచి వచ్చే డ్రైవర్ సాయంత్రం ఏడు, ఎనిమిదికి బయల్దేరతాడు. పన్నెండుకు శంషాబాద్ చేరతాడు. ఫ్లైట్ లేటయితే పార్కింగ్‌లో సీటు వెనక్కి వాల్చి ఓ కునుకు తీస్తాడు, లేదంటే అదీ లేదు. మూడు గంటలకు అదే మనిషి మళ్లీ స్టీరింగ్ పట్టుకుని 240 కిలోమీటర్లు తోలాలి. అప్పటికి పగటి కిరాయి కూడా కొట్టి వచ్చాడా అన్నది ఎవరూ అడగరు.

రాజీవ్ రహదారి కరీంనగర్ వరకు నాలుగు వరసలు. అక్కడ స్పీడ్ పెరుగుతుంది, నిద్ర కూడా అక్కడే వస్తుంది. కరీంనగర్ దాటి జగిత్యాల వైపు 563వ జాతీయ రహదారి ఎక్కితే రోడ్డు ఇరుకు, ఎదురుగా లారీలు. ఎయిర్‌పోర్టు నుంచి మనవాళ్లను తీసుకొస్తుండగా యాక్సిడెంట్ అనే వార్త ఈ జిల్లాల్లో కొత్త కాదు. రెండేళ్లు ఎడారిలో క్షేమంగా ఉన్న మనిషి ఇంటికి నలభై కిలోమీటర్ల దూరంలో ప్రమాదంలో పడటం కంటే ఘోరం ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. తక్కువకు వస్తుందని వైట్ ప్లేట్ సొంత కారును కిరాయికి మాట్లాడుకోవడం మామూలైపోయింది. ఎల్లో ప్లేట్ లేని బండిని కిరాయికి తిప్పితే అది పర్మిట్ రూల్స్‌కు విరుద్ధం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ మీద పేచీ పెట్టడానికి అదొక్కటి చాలు. కిరాయిలో తగ్గే వెయ్యి రూపాయల కోసం ఇంత రిస్క్ ఎందుకో ఎవరికి వాళ్లే ఆలోచించుకోవాలి.

ఎప్పుడు ఏది మేలు?

ఒక్కరే వస్తున్నా, చేతిలో పెద్ద లగేజీ లేకపోయినా బస్సే మేలు. అర్ధరాత్రి దిగినా తొందరపడి జేబీఎస్‌కు పరుగెత్తి అక్కడి బెంచీ మీద కూర్చోవడం కంటే, లైట్లు, సెక్యూరిటీ, బాత్రూంలు ఉన్న ఎయిర్‌పోర్టులోనే రెండు మూడు గంటలు ఆగి, తెల్లవారుజామున పుష్పక్ ఎక్కడం తెలివైన పని. పుష్పక్‌లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. ఆర్టీసీ 2023లో తెచ్చిన గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో చూడొచ్చు. ఫోన్ లేకపోతే ఇంట్లోవాళ్లే చూసి చెప్పొచ్చు. జేబీఎస్ నుంచి ఊరి బస్సులో సీటు కూడా వాళ్లే ముందుగా బుక్ చేసి పెట్టొచ్చు. కాకపోతే ఫ్లైట్ ల్యాండింగ్ టైంకు కనీసం నాలుగు గంటల తర్వాతి బస్సుకు చేయాలి. ఇమిగ్రేషన్ క్యూ, లగేజీ బెల్టు, సిటీ దాటడం, ఇవన్నీ కలిపితే అంత పడుతుంది.

సిరిసిల్లవాళ్లకు బస్సు ఇంకా సులువు. సిద్దిపేట దాకా బస్సులకు కొదవ లేదు, అక్కడి నుంచి దూరం తక్కువ. కోరుట్లకు కరీంనగర్, జగిత్యాల మీదుగా వెళ్లేవి ఉంటాయి, సిరిసిల్ల, వేములవాడ మీదుగా వెళ్లేవీ ఉంటాయి. ఏది ముందొస్తే అది ఎక్కడం కాకుండా, ఏది ఏ దారిన పోతుందో అడిగి ఎక్కితే గంట కలిసొస్తుంది.

మహాలక్ష్మి స్కీం మీద ఒక మాట. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఫ్రీ. పుష్పక్‌కు, సూపర్ లగ్జరీకి, రాజధానికి ఇది వర్తించదు. గల్ఫ్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చే ఆడవాళ్లు ఆధార్ కార్డు చేతికందేలా పెట్టుకుంటే, జేబీఎస్ నుంచి ఎక్స్‌ప్రెస్‌లో పైసా లేకుండా ఊరు చేరొచ్చు. టైం ఎక్కువ పడుతుంది, సీటు గ్యారంటీ లేదు. ఒంటరిగా, రాత్రిపూట, లగేజీతో అయితే ఫ్రీ అని చూడకుండా సీటు బుక్ చేసుకోవడమే మంచిది.

నలుగురు కలిసి వస్తే లెక్క తిరగబడుతుంది. 6,200ను నలుగురు పంచుకుంటే మనిషికి 1,550. బస్సుకు, దీనికి తేడా కొన్ని వందలే. ఒకే ఫ్లైట్‌లో ఒకే మండలం వాళ్లు ఉండటం ఈ రూట్‌లో వింతేం కాదు. బోర్డింగ్ గేటు దగ్గరే "ఏ ఊరన్నా మీది?" అని అడిగితే తేలిపోతుంది. అయితే నలుగురికి ఎనిమిది పెట్టెలు అవుతాయి. చిన్న కారులో పట్టవు. పైన క్యారియర్ ఉన్న ఎర్టిగానో, తుఫానో చెప్పుకోవాలి. చంటిపిల్లలు, ముసలివాళ్లు, జబ్బుచేసి తిరిగొస్తున్నవాళ్లు ఉంటే చర్చే అక్కర్లేదు, కారే. అప్పుడు కూడా డ్రైవర్‌ను పగలే పిలిపించి, కాసేపు పడుకోనిచ్చి, తెల్లారాక బయల్దేరితే ఒక పూట పోతుంది, అంతే.

మైసూరుకు బస్సు ఉంది

బెంగళూరు ఎయిర్‌పోర్టు నుంచి మైసూరు సుమారు 180 కిలోమీటర్లు. అంటే శంషాబాద్ నుంచి సిరిసిల్ల ఉన్నంత. కర్ణాటక ఆర్టీసీ పదేళ్లకు పైగా ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా మైసూరుకు ఫ్లైబస్ నడుపుతోంది. ప్రయాణికుడు టెర్మినల్ బయట ఎక్కి మైసూరులో దిగుతాడు, బెంగళూరు సిటీలో బస్సు మారే పని లేదు. గల్ఫ్‌కు ఎక్కువమందిని పంపే కేరళలో అయితే తిరువనంతపురం, కొచ్చి, కోజికోడ్, కన్నూర్ అని నాలుగు అంతర్జాతీయ ఎయిర్‌పోర్టులున్నాయి. దాదాపు ఏ జిల్లావాడికైనా ఒకటి దగ్గరే. తెలంగాణకు ఉన్నది ఒక్కటే. వరంగల్ మామునూరుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఓకే చెప్పినా, అక్కడి నుంచి దుబాయ్ ఫ్లైట్లు ఎగరడం వేరే సంగతి.

ఎయిర్‌పోర్టు కట్టడానికి ఏళ్లు పడుతుంది. బస్సు టైం మార్చడానికి ఒక డిపో మీటింగ్ చాలు. తెల్లవారుజామున గల్ఫ్ ఫ్లైట్లు వరసగా దిగే టైం చూసుకుని, శంషాబాద్‌లో బయల్దేరి అవుటర్ మీదుగా శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి ఎక్కి, సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడ, కోరుట్ల మీదుగా ఒకటి, కరీంనగర్, జగిత్యాల మీదుగా ఒకటి నడిపితే సిటీ ట్రాఫిక్‌తో పనే ఉండదు. కింద డిక్కీ పెద్దగా ఉన్న బస్సు కావాలి, అది ఆర్టీసీ దగ్గర లేనిదేం కాదు. సీట్లు నిండుతాయా అన్నది సంస్థ అడిగే న్యాయమైన ప్రశ్న. కారుకు ఆరు వేలు పెడుతున్న మనిషి, నేరుగా ఊరికి తీసుకెళ్లే బస్సుకు వెయ్యి, పన్నెండొందలు ఇవ్వడానికి వెనకాడడు. పండగ ముందు రెండు నెలలు నడిపి చూస్తే జవాబు దొరుకుతుంది.

గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల శవపేటికను శంషాబాద్ నుంచి సొంతూరికి చేర్చడానికి రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా అంబులెన్స్ పెడుతోంది. మంచి పని, కొనసాగాల్సిన పని. ప్రాణాలతో వచ్చినవాళ్లు మాత్రం టికెట్ కొనుక్కుని ఎక్కడానికి కూడా ఊరి బోర్డు ఉన్న బస్సు కోసం జేబీఎస్ దాకా పోవాల్సి వస్తోంది.