ఇకిగాయ్: నాలుగు వృత్తాలకు ఆవల

'ఇకిగాయ్' అనగానే నాలుగు వృత్తాల బొమ్మ ఒకటి చూపిస్తున్నారు. ఇష్టం, నేర్పు, లోకావసరం, సంపాదన కలిసే చోటే జీవిత పరమార్థమట! ఆ బొమ్మకు ఈ పేరు తగిలించినది 2014లో, అదీ జపానీయులు కారు.

1966లో ఇకిగాయ్‌పై పుస్తకం రాసిన మనోవైద్యురాలు మియెకో కమియా, నాగాషిమా ద్వీపంలోని కుష్ఠురోగుల శరణాలయంలో పనిచేశారు. చట్టం పేరిట ఇంటికీ, ఊరికీ దూరం చేయబడినవారు వారు. ఒకే దుస్థితిలో కొందరు కుంగిపోతూండగా, మరికొందరు నిండుగా ఎలా జీవించగలుగుతున్నారన్నదే ఆమె ప్రశ్న. అందులో సంపాదన ప్రసక్తి ఎక్కడ?

పగిలిన పాత్రను ఉరుషి చెట్టు పాలతో అతికి, ఆ అతుకుపై బంగారు పొడి అద్దే కిన్‌త్సుగి కళ నాకూ ఇష్టమే. అయితే పగులును అంగీకరించడం వేరు, పగలగొట్టిన చేతిని మన్నించడం వేరు. ఆ నిర్బంధ చట్టం 1996లో గాని రద్దు కాలేదు. 1998లో బాధితులే ప్రభుత్వంపై దావా వేశారు. అది రాజ్యాంగ విరుద్ధమని 2001లో కుమమోతో న్యాయస్థానం తీర్పు చెప్పింది.

అసంపూర్ణతను ప్రేమించమని చెప్పేవారు ఈ కథను కూడా చెప్పాలి. లేకుంటే ఆ తత్త్వం, అన్యాయానికి సర్దుకుపొమ్మనే నీతిబోధగా మిగిలిపోతుంది.