బడిని నడిపేవాళ్లకి బడి తెలియాలా?

ఐటీడీఏకి కొత్త పీఓ వస్తున్నారంటే మన ఊళ్లల్లో ముందు అడిగే మాట ఒకటే: ఈయన ఎన్నాళ్లుంటారు? బడి గురించి ఆయనకి ఏం తెలుసు అని మాత్రం ఎవరూ అడగరు. అడగాలి. ఆశ్రమ పాఠశాలల మీద పై నిర్ణయాలు ఆయన బల్ల మీదే జరుగుతాయి. రోడ్డు, తాగునీరు, పోడు పట్టా, వైద్యం, వీటన్నిటి మధ్య బడి ఒక ఫైలు. కింద ఉన్న డీడీది సంక్షేమ శాఖ. గురుకులాల సొసైటీ కార్యదర్శి కుర్చీలో ఐఏఎస్, ఐపీఎస్ అధికారులు కూర్చోవడం మనకి అలవాటైపోయింది.

ఒకటో తరగతి పిల్లకి అ, ఆ నేర్పాలంటే డీఎడ్ కావాలి, టెట్ పాసవ్వాలి. వందల బడుల గతి తేల్చే కుర్చీకి మాత్రం ఒక్క రోజు పాఠం చెప్పిన అనుభవం కూడా షరతు కాదు. ఇదేం లెక్క?

దీనికి ఎదురు వాదన ఉంది, గట్టిదే. ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ టీచరు కాదు. 2012 నుంచి 2021 దాకా సాంఘిక సంక్షేమ గురుకులాలను నడిపారు. ఆ గురుకులంలో చదివిన మన లంబాడీ బిడ్డ మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది. ఇంకా వెనక్కి వెళ్తే, కుమ్రం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం పిలిస్తే ఆదిలాబాద్ వచ్చిన హైమన్‌డార్ఫ్ కూడా బడి పంతులు కాదు, మానవ శాస్త్రవేత్త. 1943లో మార్లవాయిలో గోండు యువకులకి ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించి, గోండి భాషలో వాచకాలు తెచ్చారు.

అయితే అనుభవం అక్కర్లేదనేనా? ఈ ఇద్దరి పని దగ్గరగా చూడండి. ఒకరు ఒకే కుర్చీలో తొమ్మిదేళ్లు ఉన్నారు. ఇంకొకరు గోండుల మధ్య కాపురం ఉండి వాళ్ల భాష నేర్చుకున్నారు. చదువు చెప్పే పని గోండు యువకుల చేతికే ఇచ్చారు. అంటే లేని అనుభవాన్ని వాళ్లు కాలం పెట్టి సంపాదించుకున్నారు. ఏడాది, ఏడాదిన్నరకి బదిలీ అయ్యే అధికారికి ఆ కాలం ఎక్కడిది? బడి ఏంటో అర్థమయ్యేలోపు వీడ్కోలు సభ.

ఈ గొడవ మన దగ్గరే కాదు, అమెరికాలోనూ ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో బడుల అధిపతికి విద్యారంగ అర్హత ఉండాలని చట్టం. 2010లో నగర మేయర్ బ్లూమ్‌బర్గ్ పత్రికల వ్యాపారంలో పేరున్న క్యాథీ బ్లాక్‌ని ఆ పదవికి ఎంచుకున్నారు. ఆమెకి మినహాయింపు దొరికింది గానీ, చదువు వ్యవహారాలకి ఒక విద్యావేత్తని రెండో స్థానంలో పెట్టాకే. అయినా 2011 జనవరిలో చేరిన ఆమె ఏప్రిల్‌లోనే దిగిపోవాల్సి వచ్చింది. చట్టం ఉన్నా తప్పులు జరుగుతాయి. కానీ అక్కడ కనీసం ఆ ప్రశ్న అడిగే హక్కు జనానికి ఉంది.

బడి తెలియని అధికారి తనిఖీకి వస్తే కనబడేవి చూస్తాడు: హాజరు, గుడ్డు, దుప్పటి, టెన్త్ పాస్ శాతం. అవీ కావాలి, కాదనం. కానీ ఒకటో తరగతిలో కువి మాట్లాడే పిల్లోడు ఆరు నెలలుగా నోరు తెరవకపోతే, వాడు మొద్దు కాదని, పాఠం వాడికి తెలియని భాషలో ఉందని ఎవరు పట్టుకుంటారు? ఆ గదిలో పాఠం చెప్పినవాళ్లే. రాజ్యాంగం 350ఎ అధికరణ మాతృభాషలో ప్రాథమిక విద్య అంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కోయ, కొలామి భాషల్లో వాచకాలు కూడా వచ్చాయి. వాటిని నిలబెట్టాలంటే పైన కూర్చున్నవాళ్లకి వాటి అవసరం తెలియాలి.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. పట్నంలో ఇరవై ఏళ్లు పాఠం చెప్పి వచ్చి, మన భాషని యాస అని, మన పిల్లల్ని వెనకబడ్డవాళ్లని అనేవాళ్లూ ఉన్నారు. ఆ అనుభవం మనకి అక్కర్లేదు. కావాల్సింది ఏజెన్సీ బడి అనుభవం.

అది ఎక్కువగా ఉన్నది ఆదివాసీ టీచర్ల దగ్గరే. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ దెబ్బ ఉద్యోగాలతో ఆగదు. ఈ రోజు బడిలో అడుగుపెట్టని ఆదివాసీ టీచరు పదిహేనేళ్ల తర్వాత అధికారి కుర్చీలో ఎలా కనబడతాడు? మెట్లు తీసేసి మేడ ఎక్కలేదేం అంటే ఎలా?

అందుకే అడుగుదాం. పీఓకి, గురుకుల కార్యదర్శికి కనీసం మూడేళ్ల కాలం ఉండాలి. ప్రతి ఐటీడీఏలో ఏజెన్సీ బడిలో పదేళ్లు పనిచేసిన విద్యాధికారి ఉండాలి. భాష, పుస్తకాలు, టీచర్ల సర్దుబాటు మీద మాట ఆయనదే అని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆదివాసీ టీచర్లకి ఆ కుర్చీ దాకా ప్రమోషన్ దారి తెరవాలి. జీవో 3 స్థానంలో నిలబడే చట్టం తేవాలి.

ఐఏఎస్‌లు వద్దని కాదు. నిధులు తేవడానికి, శాఖల్ని కదిలించడానికి వాళ్లు కావాలి. కానీ బడిలో ఏం జరగాలో బడి తెలిసినవాళ్లు చెప్పాలి. ఈసారి కొత్త పీఓ వచ్చినప్పుడు దండ వేసే ముందు అడగండి: సారూ, మా బడి మీద మీకు సలహా చెప్పే టీచరు ఎవరు?