పల్లకీ పోయిన బంగారు గుడ్డు

“సినిమా పత్రికలో మ్యూజియం గొడవ ఏమిటండీ?” అని మీరు అడగబోతున్నారని తెలుసు. కాస్త ఆగండి. ఈ మ్యూజియం ఒక హాలీవుడ్ తార తల్లిగారి ఇల్లు. ఆ తల్లిగారిని వార్నర్ బ్రదర్స్ వాళ్ళు ఓ చిత్రంలో పాత్రగా పెట్టారు. పైగా భోజనాలయ్యాక అతిథులకు కొత్త బొమ్మలు వేసి చూపించడానికి ఆ ఇంట్లో ప్రత్యేకంగా ఓ హాలుంది. ఇప్పుడు చెప్పండి, ఈ పేజీలో రాసే హక్కు నాకుందా లేదా?

వాషింగ్టన్ దగ్గర ఉంటున్న మా పెద్దక్క ఇంట్లో పదిహేను రోజులున్నాను. వైట్‌హౌస్, లింకన్ విగ్రహం అన్నీ బావగారు తిప్పి చూపించారు. చివరి ఆదివారం “ఇంకేం చూస్తావోయ్?” అంటే “హిల్‌వుడ్” అన్నాను. ఆయన నవ్వేసి, “హాలీవుడ్ దేశానికి ఆ కొసనుంది నాయనా, విమానం ఎక్కాలి” అన్నారు. అరగంట తరువాత మేము హిల్‌వుడ్ గేటు దగ్గర దిగాం. ఆయనకు ఆ పేరు అప్పటిదాకా తెలియదట!

ఆ ఇంటి యజమానురాలు మార్జోరీ మెరివెదర్ పోస్ట్. 1887లో పుట్టింది. తండ్రి సి.డబ్ల్యు. పోస్ట్ మిషిగన్ రాష్ట్రంలో ధాన్యంతో ఫలహారాలూ, కాఫీకి బదులు తాగే పానీయమూ తయారుచేసి కోట్లు గడించాడు. 1914లో ఆయన పోయేనాటికి ఈమెకు 27 ఏళ్ళు. ఆస్తీ, కంపెనీ చేతికొచ్చాయి. ఆ కంపెనీయే 1929లో జనరల్ ఫుడ్స్ అయింది. నాలుగు పెళ్ళిళ్ళు, నాలుగూ విడాకులే. రెండో పెళ్ళిలో పుట్టిన అమ్మాయే డైనా మెరిల్. ‘డెస్క్ సెట్’లో (1957) హెప్‌బర్న్, ట్రేసీల పక్కన కనిపించింది. ‘ఆపరేషన్ పెటికోట్’లో (1959) కేరీ గ్రాంట్‌తో నటించింది. ‘బటర్‌ఫీల్డ్ 8’లో (1960) ఎలిజబెత్ టేలర్‌కి ఆస్కార్ వస్తే, ఆ కథలో అన్యాయమైపోయిన ఇల్లాలు మన డైనాయే. 2017లో కన్నుమూసింది.

మూడో భర్త జోసెఫ్ డేవిస్. 1936 చివర్లో రూజ్‌వెల్ట్ ఆయన్ని మాస్కోకి రాయబారిగా వేశాడు. స్టాలిన్ తన పాత సహచరులనే బోనెక్కించి కాల్పిస్తున్న రోజులవి. డేవిస్ ఆ విచారణలకు వెళ్ళి కూర్చున్నాడు, అంతా నిజమేనని నమ్మాడు, తిరిగొచ్చి పుస్తకం రాశాడు. దాన్నే 1943లో ‘మిషన్ టు మాస్కో’గా తీశారు. దర్శకుడు ఎవరనుకున్నారు? ‘కాసాబ్లాంకా’ తీసిన మైకేల్ కర్టిజ్! డేవిస్‌గా వాల్టర్ హ్యూస్టన్, మార్జోరీగా ఆన్ హార్డింగ్ వేశారు. యుద్ధంలో రష్యా మిత్రదేశం కాబట్టి ఆ సినిమా స్టాలిన్‌ని బంగారు కొండను చేసింది. గాలి మళ్ళాక, 1947లో జాక్ వార్నర్ చట్టసభ సంఘం ముందు నిలబడి ఆ సినిమా ఎందుకు తీశావో చెప్పమంటే చెప్పుకోవాల్సి వచ్చింది. సంభాషణలు రాసిన హోవర్డ్ కోచ్ పని దొరకనివాళ్ళ జాబితాలోకి ఎక్కాడు. ఆ బొమ్మ నేను చూశాను. ఫొటోగ్రఫీ బాగుంటుంది. మనస్సాక్షి కనబడదు.

ఆ సినిమా పట్టించుకోని సంగతే ఈ ఇంట్లో ఉంది. డబ్బు కోసం సోవియట్ ప్రభుత్వం చర్చిల సొత్తు, జమీందార్ల సొత్తు అమ్ముకుంటోంది. మన క్రైస్తవ సోదరులు ప్రభువు బల్ల గిన్నె అంటారే, అలాంటి వెండి గిన్నెల్ని మాస్కోలో తూకానికి అమ్మేవారట. పనితనానికి వెల లేదు, వెండికే! కొనేవాళ్ళు లేకపోతే కొలిమిలోకే. మార్జోరీ గంపలకొద్దీ ఏరుకుంది. ఇల్లు దోచుకుపోతుంటే బయట బేరమాడినట్టు కాదా ఇది, అని నాకూ అనిపించింది. అనిపించిందని దాచను. కానీ అద్దాల వెనక ఆ గిన్నెల వరస చూశాక నోరు పెగల్లేదు. అక్కడే మరో గిన్నె, బంగారుది, వజ్రాలు పొదిగినది. 1791లో కేథరిన్ మహారాణి ఓ మఠానికి ఇవ్వడానికి బుక్ అనే కంసాలి చేత చేయించింది.

ఇక గుడ్లు. ఈస్టర్ పండగకి జార్ చక్రవర్తులు ఫాబెర్జే దుకాణంలో చేయించిన గుడ్లు రెండున్నాయి. ఒకదాన్ని నికొలస్ 1914లో తల్లికిచ్చాడు. గులాబీరంగు మీద తెల్లని చిన్న చిన్న బొమ్మలు, చుట్టూ బంగారం, ముత్యాలు. గుడ్డు తెరిస్తే లోపల ఓ తమాషా ఉండాలి. ఇందులో ఇద్దరు సేవకులు మోసే పల్లకీ, పల్లకీలో కేథరిన్ మహారాణి, కీ ఇస్తే నడిచేవారట. ఇప్పుడు లేదు. ఎప్పుడో పోయింది. రెండో గుడ్డులోని తమాషా కూడా పోయింది. అక్క చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

ఫ్రెంచి పింగాణీ, కుర్చీలు, నేతతెరల సంగతి రాస్తే పత్రికంతా నాకే కావాలి, వదిలేస్తున్నాను. సినిమా హాలు మాత్రం వదలను. అక్కడ గోడ మీద మకోవ్‌స్కీ 1883లో వేసిన పెళ్ళివిందు చిత్రం ఉంది. సిగ్గుతో తల వంచుకున్న పెళ్ళికూతురు, ముద్దు పెట్టుకోమని గోల చేసే చుట్టాలు. సినిమాస్కోప్ తెర అంత ఉంటుంది. దీన్ని ఎదురుగా పెట్టుకుని ఆ అతిథులు బొమ్మ ఎలా చూశారో!

తోట ఇల్లు దాటగానే మొదలవుతుంది. మొత్తం స్థలం 25 ఎకరాలు. హాలు కిటికీలోంచే కనబడేలా ఫ్రెంచి పద్ధతి తోట, పొట్టి పొదల్ని మెలికల ముగ్గులా కత్తిరించారు. నడుమ నీళ్ళు, ఓ కొసన డయానా విగ్రహం. ఇంకోపక్క జపాన్ పద్ధతిలో రాళ్ళూ, వాగూ, చిన్న వంతెనలూ. షోగో మయైదా అనే ఆయన వేసింది. వెనకాల ఆర్కిడ్ల అద్దాల గది, కుండీల్లోకి పూలు కోయడానికే వేసిన మళ్ళు. పెంపుడు కుక్కలకి శ్మశానం కూడా ఉంది, నవ్వకండి! ఆవిడ 1973లో పోయింది. చితాభస్మం గులాబీ తోటలో రాతి స్తంభం కింద ఉంది. వస్తువుల మధ్య కాక పూల మధ్య ఉండాలనుకుంది. నాకెందుకో అది నచ్చింది.

అసలు నన్ను పట్టుకున్న సంగతి ఇది. 1955లో ఇల్లు కొన్న రోజునుంచీ దీన్ని మ్యూజియం చెయ్యాలనే ఆమె ఆలోచన. గోడల్లో అద్దాల బీరువాలు అందుకే కట్టించింది. స్మిత్‌సోనియన్ సంస్థకి రాసిచ్చింది. ఆమె పోయాక, కేటాయించిన నిధి నిర్వహణకు చాలదని 1976లో వాళ్ళు తిరిగి ఇచ్చేశారు. ఆమె కుటుంబ ఫౌండేషన్ భుజానేసుకుని 1977లో జనానికి తలుపులు తెరిచింది. ఫ్లోరిడాలో ఆమె కట్టించిన ఇంకో ఇల్లు ప్రెసిడెంట్లు శీతకాలంలో ఉంటారని ప్రభుత్వానికి ఇచ్చింది. ఖర్చు భరించలేమని 1981లో ప్రభుత్వమూ వెనక్కి ఇచ్చేసింది. దాని పేరు మారలాగో. 1985లో ట్రంప్ గారు కొన్నారు. మిగతా కథ మీకు తెలిసిందే!

బంగారం ఇస్తామన్నా పుచ్చుకునేవాడు లేకపోవడం ఎంత చిత్రం! సాలార్‌జంగ్ వారి వస్తువులు దక్కాయి, 1968లో కొత్త భవనానికి చేరాయి. ఆయన నడిచిన దివాన్ దేవిడీ మాత్రం పోయింది. మద్రాసులో ఓ పెద్ద నటుడి బంగళా వెతుక్కుంటూ నేనోసారి వెళ్తే అక్కడ అపార్టుమెంట్లు లేచాయి. కాపలాదారుకు ఆ నటుడి పేరు కూడా తెలియదు. ఆయన మేకప్ పెట్టె, పారితోషికం చీటీలు, పెరట్లో పెంచిన మామిడి, ఏవీ లేవు. మన వాళ్ళకి ప్రేమ లేక కాదు. సంతాపసభలో పెట్టడానికి ఫొటో చాలనుకుంటాం. కరెంటు బిల్లు ఎవరు కడతారు, తోటమాలికి జీతం ఎవరిస్తారు అన్న లెక్క బతికుండగా ఎవరూ వేసుకోరు. మార్జోరీ అంత లెక్కలు తెలిసిన మనిషి వేసిన లెక్కే చాలలేదంటే చూడండి.

తిరుగుదారిలో కారు నడుపుతూ బావగారు హఠాత్తుగా అడిగారు: “ఒరేయ్, ఆ పల్లకీ ఏమైవుంటుందంటావ్?”

“తూకానికి అమ్మేసి ఉంటారు” అంది వెనక సీట్లోంచి అక్క.