పాతకారు పరీక్ష

గుంటూరు మిరపయార్డులో సరుకమ్ముకొని, ఆ సొమ్ముతోఁ జౌకకారొకటి కొనఁదలఁచు రైతుసోదరుఁడు పైరంగు తళుకునకు మోసపోక, ముందుగాఁ గాళ్లక్రింది మ్యాటునెత్తి అడుగురేకును చేతితోఁ దడిమి చూడవలెను. ఏలయన 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ వీథులను ముంచినప్పుడు అనేకములగు కార్లు నీటమునిఁగినవి, అట్టి బండిని ఎంత కడిగినను సీటుక్రింది బోల్టులకుఁ బట్టిన త్రుప్పును, సీటుబెల్టును కడదాఁక లాగినచోఁ గనఁబడు బురదచారను పూర్తిగా మాపుట కష్టము. చల్లారియున్న యింజనునే స్టార్టు చేయించి చూడుఁడు. మీరు వచ్చులోపలనే దానిని వేడిచేసియుంచిన యమ్మకందారు ఏదో దాఁచుచున్నాఁడని నా నిశ్చితాభిప్రాయము. నీలిపొగ వెలువడెనా, లోపల ఆయిలు మండుచున్నదని యెఱుంగుఁడు. సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకే గడువు తీఱును గనుక ఆర్సీలోని తేదీని చూచి, ఇంజను, ఛాసిస్ సంఖ్యలను సరిపోల్చి, ఫైనాన్సు బాకీ లేదని తేలినపిమ్మటనే సంచకార మిండు.