కొలవనిదే కొనరాదు

"సర్వర్ స్లోగా ఉంది, రేపు రండి" అన్న మాట వినని విద్యార్థి మన ప్రాంతంలో అరుదు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ కార్యాలయాలలో 'కార్డ్' పథకం అమలైన నాటి నుండి దస్తావేజులు డేటాబేసులలోకి చేరసాగాయి. నేడు ప్రవేశాలు, ఉపకార వేతనాలు, పరీక్షా ఫలితాలు సైతం వాటిలోనివే. గడువు చివరి రోజున ఆ యంత్రం మందగిస్తే అధికంగా నష్టపోయేది పేద విద్యార్థి.

అట్టి సమయంలో కొత్త యంత్రం కొనవలెననడం పరిపాటి. ఈ తొందరపాటును మేము సమర్థించలేము. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కింది రైతు తన మడికి నీరందకుంటే ముందు తూము చూస్తాడు, పిదప కాలువ చూస్తాడు. సర్వరులోనూ ప్రాసెసరు, మెమరీ, డిస్కు, నెట్‌వర్కు ఉన్నాయి. పని ఎక్కడ ఆగుతున్నదో ఒక్కొక్కదానినీ విడిగా కొలిచి తెలుసుకోవాలి. దీనినే బెంచ్‌మార్కింగ్ అంటారు.

నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్కుకు ఒక చుట్టు 8.3 మిల్లీసెకన్లు. కోరిన సమాచారం హెడ్డు కిందికి రావడానికి సగటున సగం చుట్టు, హెడ్డు జరగడానికి మరో 8 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, చెదిరి ఉన్న సమాచారాన్ని అది సెకనుకు సుమారు 80 సార్లే చదవగలదు. 8 కిలోబైట్ల చొప్పున అది ఒక మెగాబైటైనా కాదు! వరుసగా చదివినప్పుడు అదే డిస్కు 100 మెగాబైట్లు దాటి అందించగలదు. ప్రకటనలలో కనిపించేది ఈ రెండవ లెక్క. లోపం ఇక్కడ ఉండగా ప్రాసెసరు మార్చినందువల్ల ప్రయోజనమేమి?

1985లో జిమ్ గ్రే, ఆయన సహచరులు బ్యాంకు జమాఖర్చుల నమూనాతో ఇట్టి యంత్రాలను కొలిచే పద్ధతిని ప్రతిపాదించారు. 1988లో టీపీసీ మండలి ఏర్పడింది. దాని టీపీసీ-బీ పరీక్షను స్థూలంగా అనుసరించే పీజీబెంచ్, పోస్ట్‌గ్రెస్‌తో పాటు ఉచితంగా లభిస్తుంది. డిస్కును పరీక్షించాలంటే మెమరీలో ఇమడనంత డేటా తీసుకోవాలి. లేకుంటే దాని బలహీనత బయటపడదు. ఒకసారికి ఒక మార్పే చేయాలి. భాగాలన్నీ సక్రమమని తేలితే, దోషం ఇండెక్సు లేని పట్టికలోనో, సరిగా రాయని క్వెరీలోనో వెదకాలి. అందుకు రూపాయి ఖర్చు లేదు.

కళాశాల కమిటీకి మా విన్నపం ఒక్కటే: యంత్రం వచ్చిన రోజునే దాని కొలతలను రిజిస్టరులో రాయించండి. రేపు అది మందగించినప్పుడు పోల్చి చూడడానికి అదే ఆధారం. విద్యార్థి మిత్రులారా, ఆ కొలిచే బాధ్యత మీరు స్వీకరించండి. కొలత లేని కొనుగోలు విద్యార్థుల ఫీజు సొమ్ముకు అన్యాయమే అవుతుంది.