చిన్న చుక్క... పెద్ద లెక్క!

మార్కాపురం చుట్టుపక్కల బత్తాయి తోట వేసిన రైతుని కదిపి చూడండి... డ్రిప్పు లెక్క నోటితోనే చెప్పేస్తాడు. చెట్టుకి రోజుకి ఎన్ని లీటర్లు కావాలి, కరెంటు ఎన్ని గంటలు ఉంటుంది, బోరు ఎంత పోస్తుంది... ఇవి తేలాకే నాలుగు లీటర్ల డ్రిప్పరా, ఎనిమిది లీటర్లదా అన్నది నిర్ణయిస్తాడు. చిన్నది పెడితే చెట్టు ఎండుతుంది. పెద్దది పెడితే చివరి వరసకి నీళ్లు చేరవు.

ఇదే లెక్క ఆకాశంలోనూ పనికొస్తుందంటే నమ్ముతారా!

అమెరికాలాంటి దేశాల్లో కొందరు ఇంటి గ్యారేజీలోనే చిన్న విమానం తయారుచేసుకుంటారు. వారిలో కొందరు దానికి మాజ్దా కార్ల రోటరీ ఇంజిన్‌ బిగిస్తారు. జర్మనీకి చెందిన ఫెలిక్స్‌ వాంకెల్‌ ఆలోచనతో ఈ రకం ఇంజిన్‌ 1957లో తొలిసారి నడిచింది. ఇందులో పిస్టన్లుండవు. మూడు మూలల రోటరు గుండ్రంగా తిరుగుతుంది. కదిలే భాగాలూ బరువూ తక్కువ. పెట్రోలు మాత్రం కాస్త ఎక్కువే తాగుతుంది.

ఆ పెట్రోలుని కొలిచి చిమ్మేదే ఇంజెక్టర్‌. ఎంత సైజుది కావాలి?

180 హెచ్‌పీ శక్తి కావాలనుకుందాం. ఒక్కో హెచ్‌పీకి గంటకి సుమారు పావుకిలో పెట్రోలు. మొత్తం 45 కిలోలు, అంటే దాదాపు 62 లీటర్లు. రెండు రోటర్లకి నాలుగు ఇంజెక్టర్లుంటే ఒక్కోటీ నిమిషానికి 260 మిల్లీలీటర్లు పోయాలి. అలాగని 260 సైజుది కొంటే పొరపాటే! అప్పుడది క్షణం మూతపడకుండా తెరిచే ఉండాలి. అదనంగా ఇవ్వడానికి చుక్క మిగలదు. అందుకే 80 శాతం సమయమే పనిచేసేలా లెక్కేస్తారు. అలా చూస్తే 325 మిల్లీలీటర్లది కావాలి.

పోనీ, ఇంకా పెద్దది పెడితే? అదీ చిక్కే. ఇంజిన్‌ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో చుట్టుకి దొరికేది 10 మిల్లీసెకన్లు. ఇంజెక్టర్‌ తెరుచుకుని మూసుకోవడానికే ఒకటి పోతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇంజిన్‌కి కావాల్సింది కొద్ది చుక్కలే. అంత కొంచెం కొలవడం పెద్దదానికి చేతకాదు. ఇంజిన్‌ పొగలు కక్కుతుంది, తడబడుతుంది. పోనీ, చిన్నదే పెట్టి పంపు ప్రెషర్‌ పెంచుదామా అంటే అదీ కుదరదు. ప్రెషర్‌ నాలుగింతలైతేగానీ ధార రెండింతలు కాదు మరి.

ఇంత చాదస్తం ఎందుకంటారా? గిద్దలూరు దాటాక నల్లమల ఘాట్‌లో లారీ మొరాయిస్తే పక్కకి ఆపి మెకానిక్‌ కోసం ఎదురుచూడొచ్చు. గాలిలో ఆ వీల్లేదు. టేకాఫ్‌లో, ఇంజిన్‌ పూర్తి బలం చూపాల్సిన వేళ పెట్రోలు చాలకపోతే లోపలి వేడి పెరిగిపోతుంది, ఇంజిన్‌ దెబ్బతింటుంది. ఆగిపోయిందా... ఇక దొనకొండలో బ్రిటిష్‌వారు వేసినలాంటి పాత రన్‌వే ఏదైనా కింద కనిపించాలని కోరుకోవడమే!

అందుకే తెలిసినవాళ్లు డబ్బా మీది అంకెను గుడ్డిగా నమ్మరు. ఇంజెక్టర్లని ఒక్కొక్కటిగా గీతల గాజు గొట్టంలోకి నిమిషంపాటు చిమ్మించి చూస్తారు. నాలుగూ సమానంగా పోస్తేనే బిగిస్తారు. డ్రిప్పర్‌ కింద చెంబు పెట్టి, గడియారం చూసుకునే మన రైతులాగే!