అడవికి బయలుదేరే ముందు

పిల్లలూ! సెలవులలో అరకులోయ వెళుతున్నామనీ, అక్కడ దారి తెలిసిన మనిషి వెంట ఒక పూట అడవిలో తిరిగి వస్తామనీ ఇంట్లో అనగానే మీరు మొట్టమొదట అడిగే ప్రశ్న ఏదో నాకు తెలుసు. "పులి కనిపిస్తుందా?"

పులి మాట అలా ఉంచండి. ఒక పూట నడకలో మనని తిప్పలు పెట్టేవి పెద్ద జంతువులు కావు. జారే రాయి, ఎండిన గొంతు, తడిసిన బట్టలు, అన్నిటికన్నా చిన్నదైన దోమ: జాగ్రత్త పడవలసింది వీటికి.

అరకులోయ అల్లూరి సీతారామరాజు జిల్లాలో, తూర్పు కనుమల నడుమ, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. 1000 మీటర్లు పైకి పోతే గాలి సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. అంచేత విశాఖపట్నంలో స్వెట్టరు మాటే తలవని వాడు, శీతకాలం తెల్లవారుజామున అరకులో గడగడ వణుకుతాడు. పొద్దెక్కితే మళ్ళీ చెమట పోస్తుంది. కనక ఒక మందపాటి కోటుకన్నా, ఒకదానిపై ఒకటి తొడిగి, వేడెక్కినప్పుడు విప్పుకోగల రెండు పలచని బట్టలు మేలు.

చేతులు నిండా, కాళ్ళు నిండా కప్పే నూలుబట్టలు వేసుకోండి. ముళ్ళు గీరవు, పురుగులు కుట్టవు. చెప్పులు వద్దు, అడుగున గాళ్ళున్న, పాదాన్ని పూర్తిగా కప్పే బూట్లు కావాలి. కొత్త బూట్లయితే వారం ముందే ఇంటి దగ్గర తొడిగి నడవండి. లేకపోతే కొండమీద కాలు పొక్కుతుంది.

సంచీలో ఏమి పెట్టాలి? కాచి చల్లార్చిన నీళ్ళు ఒక సీసాడు, అటుకులు, బెల్లం, వేయించిన శనగలు, ఒక తువ్వాలు, వానకోటు, ఒక ఈల. ఈల ఆటకు కాదు. దారి తప్పితే అటూ ఇటూ పరుగెత్తకుండా ఉన్నచోటనే నిలబడి, మూడేసి సార్లు ఊదాలి. వెతికేవారికి కదలని మనిషి త్వరగా దొరుకుతాడు.

"కొండవాగు నీళ్ళు అద్దంలా ఉంటాయి గదా, ఇంటినుంచి మోసుకుపోవటం ఎందుకు?" అంటారేమో! నీరు తేటగా ఉన్నంతమాత్రాన అందులో రోగక్రిములు లేవని కాదు. పైగా వాగు అంచున మెల్లగా పారే తేటనీటిలోనే గుడ్లు పెట్టే అనాఫిలిస్ దోమలు ఈ కొండలలో ఉన్నాయి. మలేరియాను మోసుకువచ్చేవి అవే.

పూర్వం మైదానంవాళ్ళు దీన్ని "మన్యపు జ్వరం" అని భయపడేవారు. చెడ్డగాలివల్ల వస్తుందని చాలా దేశాలలో నమ్మారు. ఇటాలియన్ భాషలో "మలేరియా" అంటే చెడ్డగాలి అనే అర్థం. అసలు సంగతి బయటపడింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే వైద్యుడు ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అనాఫిలిస్ కుట్టేది ముఖ్యంగా సందెవేళనుంచి తెల్లవారేదాకా. కనక నడక పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించాలి. రాత్రి దోమతెరలో పడుకోవాలి.

ఇక దారి చూపేవారి సంగతి. కటికి జలపాతం దారి కానివ్వండి, అనంతగిరి కాఫీతోటల పక్కబాట కానివ్వండి, మీ ముందు నడిచే గిరిజన యువకుడు ఆ కొండమీద పుట్టి పెరిగినవాడైతే, మీరు పుస్తకంలో చదివినదానికన్నా అతని కంటికి ఎక్కువ కనిపిస్తుంది. "అన్నా" అని పిలవండి. అతను ఆగమంటే ఆగండి. వాగులో దిగవద్దంటే దిగవద్దు. పైన ఎక్కడో వాన కురిస్తే, ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పొంగి రావచ్చు. రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టకండి. ఒకవేళ పాము కరిస్తే కోయటం, నోటితో పీల్చటం, గట్టిగా కట్టటం చెయ్యరాదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. గూడేల్లో మనుషులను అడగకుండా ఫోటోలు తియ్యకండి. మీరు తిన్నదాని కాగితమైనా అడవిలో వదలకండి.

చివరి పని ఇంటికి వచ్చాక. మీరు అడవికి వెళ్ళిన తేదీ నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. దోమ ఈరోజు కుడితే జ్వరం ఈరోజే రాదు. వారం దాటాక, రెండు వారాలకు, ఒక్కొక్కప్పుడు నెల తరవాత కూడా రావచ్చు. అప్పటికి అమ్మా నాన్నా అరకు సంగతే మరిచిపోతారు. జ్వరం వస్తే మీరే ఆ పుస్తకం తీసి, "డాక్టరుగారూ, నేను ఫలానా తేదీన మన్యంలో తిరిగాను" అని చెప్పండి. ఆయన వెంటనే రక్తం పరీక్ష చేయిస్తారు. మలేరియా అని త్వరగా తెలిస్తే మందుతో నయమవుతుంది. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.